వి. శివకుమార్

వి. శివకుమార్ (పూర్తి పేరు శివకుమార్ వరదరాజు నాయుడు) మలేషియా రాజకీయ నాయకుడు, డెమొక్రటిక్ యాక్షన్ పార్టీ సభ్యుడు. పేరు చివరి 'నాయుడు' తెలుగు పాఠకులకు సుపరిచితమే.

2008 ఎన్నికల్లో ట్రోనో స్థానం నుంచి పేరాక్ రాష్ట్ర శాసనసభకు గెలిచారు. 59 స్థానాల సభలో ఆయన కూటమి పకతాన్ రాక్యత్‌కు దక్కినవి 31. అంత స్వల్ప ఆధిక్యంతో నడిచే సభకు ఆయన స్పీకర్ అయ్యారు. 2009 ఫిబ్రవరిలో ముగ్గురు సభ్యులు కూటమిని వీడటంతో ముఖ్యమంత్రి నిజార్ జమాలుద్దీన్ ప్రభుత్వం పడిపోయింది. పేరాక్ సుల్తాన్ సభను రద్దు చేయకుండా ప్రత్యర్థి కూటమికి చెందిన జాంబ్రీ అబ్దుల్ కాదిర్‌ను ముఖ్యమంత్రిగా నియమించారు. స్పీకర్ జాంబ్రీని 18 నెలలు సస్పెండ్ చేశారు. కోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. మార్చి 3న శివకుమార్‌ను, ఆయన కూటమి సభ్యులను సభామందిరంలోకి వెళ్లనివ్వకపోతే, ఇపోలో ఓ చెట్టు కిందే సమావేశం నిర్వహించారు. ఆ చెట్టుకు 'ప్రజాస్వామ్య వృక్షం' అన్న పేరు స్థిరపడింది. మే 7న నల్ల గౌనులో ఉన్న స్పీకర్‌ను పోలీసులు సభలోంచి బలవంతంగా బయటికి తీసుకుపోయారు. చట్టసభ గౌరవానికి అంతకంటే పెద్ద దెబ్బ ఉండదు. మరుసటి ఏడాది ఫెడరల్ కోర్టు జాంబ్రీ నియామకాన్నే సమర్థించింది.

2013లో బాటు గాజా నుంచి పార్లమెంటుకు ఎన్నికైన శివకుమార్ 2018, 2022లలోనూ గెలిచారు. ప్రధాని అన్వర్ ఇబ్రహీం మంత్రివర్గంలో 2022 డిసెంబరు నుంచి 2023 డిసెంబరు దాకా మానవ వనరుల మంత్రిగా పనిచేశారు.