మానిన గాయము – మానని మచ్చ



గాయము మానుట శుభము. కాని కొందఱి శరీరమున గాయము మానినను మచ్చ యూరకుండదు. చెవి కుట్టిన తావుననో, భుజమున టీకా వేసిన చోటనో, ఱొమ్ముపై మొటిమ యడగిన చోటనో గట్టిగా, నునుపుగా పైకి లేచి, గాయపు టెల్లను దాటి ప్రక్క చర్మముపైకి ప్రాకును. దురదయు, ఒక్కొకప్పుడు నొప్పియు గలుగును. వైద్యులు దీనిని కీలాయిడు అందురు. ఈ పేరు వెనుక నున్న చరిత్ర తెలిసినచో సగము భయము తీఱును.

మన ప్రాచీనులు వ్రణములను శ్రద్ధతో పరిశీలించిరి. సుశ్రుతసంహిత చెవులు కుట్టు విధానమునకు సూత్రస్థానమున ఒక అధ్యాయమునే ప్రత్యేకించినది. చికిత్సాస్థానమున వ్రణములకు అఱువది ఉపక్రమములను చెప్పుచు, మాంసము మీఱి పెరిగిన వ్రణమును అణచుటకు ‘అవసాదనము’ను పేర్కొన్నది. అది మానని పుండును గూర్చిన మాటయే కాని మానిన మచ్చను గూర్చినది కాదు. కావున నేటి రోగమంతయు ఆ గ్రంథముననే కలదనుట పాండిత్యము కాదు.

ఈ మచ్చకు నేటి పేరు పెట్టినవాడు పారిసు నగరమందలి సెయింట్ లూయీ వైద్యశాలలో పనిచేసిన ఆలిబేరు. 1806లో ప్రకటించిన చర్మరోగ గ్రంథమున దీనిని వర్ణించి, క్యాన్సరును బోలినదను అర్థము వచ్చునట్లు ‘కాంక్రాయిడు’ అనెను. లాటిను భాషలో క్యాన్సరనగా పీత. సుమారు పదేండ్ల పిమ్మట, ఇది క్యాన్సరు కాదని స్పష్టపఱుపదలచి, పీత డెక్కకు గ్రీకులో నున్న ‘ఖేలే’ అను పదమునుండి క్రొత్తపేరు కల్పించెను. పీతను విడిచి డెక్కను మాత్రము నిలుపుకొనెనన్నమాట! ఆ చిన్న మార్పు రోగికి పెద్ద ఉపకారము.

కారణ మేమందురా? చర్మమునకు బలమిచ్చు కొల్లాజెన్ అను పోగులు గాయమును పూడ్చును. గండి పూడిన పిమ్మటను కూలీలు మట్టి పోయుట మానకున్న నెట్లుండునో, ఇదియు నట్టిదే. నల్లని చర్మము గలవారిలోను, కొన్ని కుటుంబములలోను ఇది యెక్కువ. గాయపు హద్దులలోనే లేచిన మచ్చ వేఱు. అది కాలక్రమమున తఱచుగా తగ్గును.

నేను బడిలో నున్న కాలమున చెవితమ్మెపై కాయ లేచిన బాలికలు జుట్టు చాటున చెవి దాచుకొని కూర్చుండుట చూచితిని. పెండ్లి మాటలు రాగానే పెద్దలు తొందరపడి సున్నము పెట్టించుటయు, వాత వేయించుటయు కద్దు. వాత మఱియొక గాయము. క్రొత్త గాయము క్రొత్త మచ్చకు విత్తనము. వైద్యుని కత్తియు ఒంటరిగా చాలదు. కోసి యూరకున్న వారిలో సగముమందికో, అంతకెక్కువమందికో మరల లేచుట కానవచ్చినది.

అందువలననే వైద్యులు కత్తికి తోడు వెదకిరి. 1906 ప్రాంతమున ఫ్రాన్సులో ఎక్స్‌రే కిరణములను వాడిచూచిరి. 1960 తరువాతి దశకమున ట్రయాంసినొలోన్ అను సూదిమందును మచ్చలోనికే ఎక్కించుట వ్యాప్తికి వచ్చినది. 1982లో కాలినమచ్చలపై సిలికోను పొరను అంటించు పద్ధతి ప్రకటింపబడెను. నేడు సూదిమందును కొన్ని వారముల కొకసారి ఇత్తురు. సిలికోను పొరను నెలల తరబడి ధరింపజేయుదురు. చెవికి ఒత్తిడి బిళ్లలు బిగింతురు. కోయవలసివచ్చినచో వెంటనే సూదిమందో కిరణచికిత్సయో జతచేయుదురు. ఫలము మెల్లగా వచ్చును, ఓర్పు వలయును.

కావున పెద్దలకు నా మనవి: ఇంటిలో ఒకరికి ఈ గుణమున్నచో పిల్లలకు అనవసరపు కుట్లు కుట్టింపకుడు. మచ్చ లేచిన చర్మవైద్యునకు చూపుడు. గాయము లేకయే గడ్డ లేచినను, మచ్చ పుండై రక్తము కాఱినను, కీలాయిడే యని మీరే నిర్ణయింపక శీఘ్రముగా చూపుడు. ఇది శాపము కాదు, అంటురోగమును కాదు. ఆ బిడ్డ చెవి దాచుకొనవలసిన పనిలేదు.