గుర్రం వెన్నునొప్పి: నిదాన చరిత్ర

నెమ్మదిగా ఉండే గుర్రం ఉన్నట్టుండి జీను కనబడగానే చెవులు వెనక్కి వాలుస్తుంది. తంగు బిగిస్తుంటే కరవబోతుంది. ఎక్కబోతే పక్కకు తప్పుకుంటుంది, పరుగులో వెనకకాళ్ళు ఎగరేస్తుంది. ఇలాంటి మార్పుల వెనుక వెన్నునొప్పి ఉందేమోనని పరీక్షించి తేల్చడం అశ్వవైద్యంలో ఒక ప్రత్యేక విభాగం. అది శాస్త్రీయంగా స్థిరపడింది 20వ శతాబ్దం చివరి భాగంలోనే. అంతకుముందు తరతరాలుగా అలాంటి గుర్రానికి దక్కినవి పెంకిది అన్న పేరు, చెర్నాకోల దెబ్బలు. ఓడల్లో వచ్చే గుర్రాల కోసం రాజులూ వర్తకులూ ఎదురుచూసిన నెల్లూరు తీరానికి ఈ చరిత్రలో చోటుంది.

రేవుల కాలం

దక్షిణాది ఎండకూ మేతకూ మేలుజాతి గుర్రాల పెంపకం కుదరలేదు. అందుకే అరేబియా, పారశీక తీరాల నుంచి వాటిని కొని తెచ్చేవారు. 13వ శతాబ్దం చివర ఈ తీరాల గురించి రాసిన మార్కో పోలో నెల్లూరుకు ఉత్తరాన ఉన్న మోటుపల్లి రేవును ముత్ఫిలి అన్నాడు. దానికి దక్షిణాన ఉన్న మాబారు దేశంలో రాజూ, అతని నలుగురు సోదరులూ ఏటా తలా రెండు వేలకు పైగా గుర్రాలు కొంటారనీ, ఏడాది తిరిగేసరికి వాటిలో నూరు కూడా బతికి ఉండవనీ రాశాడు. అంకెల్లో అతిశయం ఉండవచ్చు. కానీ అతను చెప్పిన కారణం ఆలోచించదగ్గది: గుర్రాన్ని సాకడం తెలిసినవాళ్ళు అక్కడ లేరు.

శ్రీనాథుడి హరవిలాసాన్ని అంకితం పొందిన అవచి తిప్పయ సెట్టి దేశదేశాల సరుకుతో పాటు హురుమంజి, అంటే హోర్ముజ్, గుర్రాలనూ దిగుమతి చేసిన వర్తకుడు. చంద్రగిరి నుంచి ఎదిగిన విజయనగర రాజు సాళువ నరసింహరాయలు గుర్రాలు వెయ్యి పర్దావు నాణేలకు మూడు చొప్పున కొన్నాడనీ, సముద్రంలో చచ్చినవాటికి తోక తెచ్చి చూపించినా అదే ధర చెల్లించాడనీ పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. తోకకు కూడా సొమ్ము పోసిన ఆ రోజుల్లో, వారాల తరబడి ఓడలో కదలకుండా నిలబడి వచ్చిన జీవం మీద దిగీదిగగానే జీను వేస్తే దాని నడుం ఏమవుతుందో ఎవరైనా ఆలోచించారా అన్నది మాత్రం ఈ రాతల్లో కనబడదు.

శాస్త్రాల చూపు

మన దేశంలో అశ్వవైద్యానికి ఆద్యుడు శాలిహోత్రుడని సంప్రదాయం. ఉర్దూలో గుర్రాల వైద్యుణ్ణి సలోత్రి అనడం ఆ పేరు నుంచి వచ్చిందే. నకులుడి పేరిట ఉన్న అశ్వచికిత్సితం, జయదత్తుడి అశ్వవైద్యకం సంస్కృతంలో ప్రసిద్ధ గ్రంథాలు. తెలుగులో మనుమంచి భట్టు హయలక్షణసారం రాశాడు. కౌటిల్యుడి అర్థశాస్త్రం ఇంకా ముందుకు వెళ్ళి, యుద్ధంలోనో జబ్బుతోనో ముసలితనంతోనో పనికి రాకుండా పోయిన గుర్రాలకు కూడా తిండి పెట్టాలంది. వైద్యుడి అజాగ్రత్త వల్ల రోగం ముదిరితే జరిమానా విధించమంది.

అయితే లక్షణ గ్రంథాల్లో పెద్దపీట రంగుకూ, అంగసౌష్ఠవానికీ, సుళ్ళకూ దక్కింది. ఏ సుడి ఎక్కడుంటే యజమానికి మేలో కీడో చెప్పే విద్య అది. చెడు నడతకు మూలం పుట్టుకలో ఉందని నమ్మినప్పుడు జీను కింద వెతకాలన్న ఆలోచన రావడం కష్టం. ఆ నమ్మకం వల్ల ఎన్ని గుర్రాలు అకారణంగా దెబ్బలు తిన్నాయో తలచుకుంటే బాధ కలుగుతుంది.

జట్కా, కుమ్రీ

ఆటోలు రాకముందు నెల్లూరులోనూ, ఇతర కోస్తా పట్టణాల్లోనూ గుర్రం అంటే జట్కా గుర్రమే. రెండు చక్రాల బండిలో తూకం కీలకం. జనం వెనక్కి కూర్చుంటే ముందు కర్రలు పైకి లేచి పొట్ట కింది పట్టీ బిగుస్తుంది. మరీ ముందుకు జరిగితే బరువంతా వీపు మీద పడుతుంది. ఎక్కినవాళ్ళను ముందుకో వెనక్కో జరగమని జట్కావాలా పదేపదే అడగడం అందుకే. ఏ గ్రంథమూ చదవకుండానే వెన్ను సంగతి పట్టించుకున్నవాడు అతను. బరువు లాగే, మోసే జంతువుల కోసం కేంద్ర ప్రభుత్వం 1965లో చేసిన నియమాలు రోజుకు 9 గంటలకు మించి, విరామం లేకుండా 5 గంటలకు మించి పని చేయించకూడదన్నాయి. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా కట్టకూడదన్నాయి.

నడుం పట్టు తప్పిన ప్రతి గుర్రానిదీ వెన్నునొప్పి కాదు. కుమ్రీ అనే జబ్బులో వెనక భాగం ఊగుతుంది, కాళ్ళు ఈడుస్తుంది. నడుం అనే అర్థమున్న కమర్ మాట నుంచి వచ్చిన పేరిది. 1950లలో ఇన్స్, షోహో, పిళ్ళై అనే పరిశోధకులు దీని మూలాన్ని వివరించారు. ఆవులూ గేదెల కడుపులో పెద్దగా హాని చేయకుండా బతికే సెటేరియా డిజిటాటా అనే పురుగు పిల్లలను దోమలు గుర్రానికి చేరుస్తాయి. తమది కాని ఒంట్లో దారి తప్పి అవి వెన్నుపాములోకి పోతాయి. పశువులూ దోమలూ దండిగా ఉన్న తీరప్రాంతంలో పశువైద్యుడు దీన్ని గుర్తుంచుకోవాలి.

ఆధునిక నిదానం

గుర్రానికి వీపు భాగంలో 18, నడుంలో 6 వెన్నుపూసలుంటాయి. పూసల మీద నిలువుగా లేచిన ముళ్ళు దగ్గరై ఒకదానికొకటి రాసుకోవడం ప్రధాన సమస్యల్లో ఒకటి. ఎక్కువగా 13 నుంచి 18వ పూస వరకు, జీను కింద, రౌతు బరువు పడే చోటే ఇది కనబడుతుంది. అశ్వవైద్యుడు లియో జెఫ్‌కాట్ 1980లో 443 గుర్రాల వెన్ను సమస్యలను సమీక్షించి ఈ రంగానికి పునాది వేశాడు. ఎక్స్‌రేలో ముళ్ళు రాసుకున్నట్టు కనబడినా నొప్పి ఎరగని గుర్రాలు చాలా ఉంటాయి. అందుకే బొమ్మ ఒక్కటే చూసి తీర్పు చెప్పరు. అనుమానమున్న చోట మత్తు సూది వేసి, నడత మారిందేమో చూస్తారు. కాలి కుంటు, పంటి నొప్పి, కడుపులో పుండ్లు కూడా ఇలాంటి నడతకే దారి తీస్తాయి కనుక వాటినీ వెతుకుతారు.

తర్వాతి మలుపు గుర్రం ముఖాన్నీ నడతనూ కొలమానంగా మార్చడం. 2014లో వచ్చిన ముఖకవళికల కొలబద్ద చెవులు, కన్ను, కంటిపై భాగం, దవడ కండరాలు, నోరు, ముక్కుపుటాలు అనే ఆరు చోట్ల బిగువు చూస్తుంది. 2018లో అశ్వవైద్యురాలు స్యూ డైసన్ బృందం స్వారీ వేళ గమనించాల్సిన 24 చేష్టలను గుర్తించింది. వాటిలో 8 గానీ అంతకు మించి గానీ కనబడితే కండరాలలోనో ఎముకలలోనో నొప్పి ఉండే అవకాశం బలంగా ఉందంటారు.

నెల్లూరు ప్రాంతానికి దగ్గరగా, తిరుపతిలో 1955 నుంచి పశువైద్య కళాశాల ఉంది. అయితే పరికరాలేవీ అందుబాటులో లేని ఊళ్ళో, పెళ్ళి ఊరేగింపు గుర్రానికైనా సరే, మొదటి పరీక్ష చేతివేళ్ళతోనే మొదలవుతుంది. మూపు నుంచి తుంటి దాకా వెన్నుకు ఇరువైపులా మెల్లగా నొక్కుతూ పోవాలి. ఎక్కడ కండరం బిగుసుకుంది, ఎక్కడ వీపు కిందికి జారింది, ఎక్కడ చెవులు వాలాయి అని చూడాలి. జీను తీసిన వెంటనే చెమట పట్టని పొడి మచ్చలు కనబడితే ఒత్తిడి అక్కడ ఎక్కువగా పడుతోందేమో చూడాలి. మూపు దగ్గర ముదురు రంగు ఒంటి మీద తెల్ల వెంట్రుకల గుత్తి మొలిచి ఉంటే అది సుడిలాంటి లక్షణం కాదు. చాలావరకు అక్కడ ఎప్పుడో ఒక జీను అమరక ఒత్తుకుందన్న గుర్తు.