గవర్నర్ సంతకం, అసెంబ్లీ లెక్క

1984 ఆగస్టు 16. సోమాజిగూడలో రాజ్‌భవన్ గేటు ముందు జనంలో నిలబడ్డారు మీరు. ముఖ్యమంత్రి ఎన్.టి.రామారావు లోపల ఉన్నారు. అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని వచ్చిన మనిషి, ఇంకా కోలుకోనేలేదు. రెండు రోజులు గడువిస్తే అసెంబ్లీలోనే బలం చూపిస్తానంటున్నారు. గవర్నర్ రాంలాల్ వినలేదు. ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేశారు. రామారావు పార్టీలోనే ఉండి మెజారిటీ తనదేనన్న నాదెండ్ల భాస్కరరావు చేత ముఖ్యమంత్రిగా ప్రమాణం చేయించారు. రామారావును పోలీసులు అదుపులోకి తీసుకున్నారన్న కబురు గేటు దాటి బయటికొచ్చింది.

"ఓట్లేసింది మనమాయె, తీసేయనీకి ఆయనెవరు?" మీ పక్కనున్న కుర్రాడి గొంతు వణుకుతోంది.

నల్లకోటు చేతిమీద వేసుకున్న పెద్దాయన జవాబిచ్చాడు. "గవర్నర్‌ను పెట్టేది ఢిల్లీ, బాబూ. 155వ అధికరణం. ముఖ్యమంత్రిని నియమించేది ఆ గవర్నర్, అది 164. కానీ మంత్రివర్గం జవాబు చెప్పుకోవాల్సింది అసెంబ్లీకి. అదీ 164లోనే ఉంది. ఆ ముక్క ఈరోజు ఎవరూ చదవలేదు."

ఆగస్టు 21. ఇప్పుడు ఢిల్లీలో, రాష్ట్రపతి భవన్‌లో ఉన్నారు మీరు. చక్రాల కుర్చీలో రామారావు, వెనక 160 మందికి పైగా ఎమ్మెల్యేలు. మొత్తం సభ 294. లెక్క కళ్లెదుటే ఉంది. రాష్ట్రపతి జైల్ సింగ్ చూస్తున్నారు. హైదరాబాద్‌లో అసెంబ్లీ తలుపు తెరిస్తే గంటలో తేలే విషయం ఇది. దాని కోసం శాసనసభ్యులు 1,600 కిలోమీటర్లు రైల్లో వచ్చి ఇలా వరుసగా నిలబడాలా? మీకు కడుపు రగులుతుంది.

ఆ తర్వాత ఎమ్మెల్యేలతో బస్సులు కర్ణాటక దారి పట్టాయి. వాటిలో ఒక కిటికీ సీటు మీది. హైదరాబాద్‌లో పోలీసులు ఇప్పుడు కొత్త ముఖ్యమంత్రి చేతిలో ఉన్నారు. ఎమ్మెల్యేలను ఎవరు బెదిరిస్తారో, ఎవరు ఎత్తుకుపోతారోనన్న భయం. సరిహద్దు దాటగానే ఆ భయం సగం తగ్గింది. ఇక్కడ ప్రభుత్వం రామకృష్ణ హెగ్డేది. పోలీసులూ ఆయనవాళ్లే. శాంతిభద్రతలు రాష్ట్ర జాబితాలో ఉన్నాయని పాఠ్యపుస్తకంలో చదివిన సంగతి బెంగళూరు దగ్గర నంది హిల్స్ ఎక్కుతుంటే మీకు ఒంటికి తెలుస్తుంది. ఒక సంతకం హైదరాబాద్‌లో ప్రభుత్వాన్ని పడగొట్టగలిగింది గానీ బెంగళూరులో ఒక్క కానిస్టేబుల్‌ను కూడా కదిలించలేకపోయింది.

అధికారాన్ని పంచుకోవడంలో ఉన్న రక్షణ ఇదే. ఏకకేంద్ర వ్యవస్థ ఉన్న బ్రిటన్ చూడండి. లండన్ నగర పాలక సంస్థ గ్రేటర్ లండన్ కౌన్సిల్‌ను ఓటర్లు 1981లో ఎన్నుకున్నారు. పార్లమెంటు చట్టం చేసి 1986లో దాన్ని రద్దు చేసేసింది. అక్కడది పూర్తిగా చట్టబద్ధం. లండన్ వాసులకు వెళ్లి తట్టడానికి ఇంకో తలుపు లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో ఆ నెలరోజులూ తేలిగ్గా గడవలేదు. బంద్‌లు, ఊరేగింపులు, పోలీసు కాల్పులు. ప్రాణాలు పోయాయి. రాంలాల్ స్థానంలో శంకర్ దయాళ్ శర్మ గవర్నర్‌గా వచ్చారు. భాస్కరరావు బలం చూపలేకపోయారు. సెప్టెంబర్ 16న రామారావు మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు.

మన రాజ్యాంగం కేంద్రానికి బరువెక్కువ ఇచ్చింది. దేశ విభజన గాయం పచ్చిగా ఉన్న రోజుల్లో రాసుకున్నాం కాబట్టి అందుకు కారణం ఉంది. కానీ ఆ బరువు రాష్ట్ర ఓటరు ఓటును నలిపేయకూడదు. 1994లో బొమ్మై కేసులో తొమ్మిది మంది సుప్రీంకోర్టు న్యాయమూర్తుల ధర్మాసనం ముందుకు ఇదే ప్రశ్న వచ్చింది. మెజారిటీ తేలాల్సింది సభలోనే, గవర్నర్ అంచనాతో కాదని కోర్టు చెప్పింది. ఆ సూత్రం కోర్టుకెక్కడానికి పదేళ్ల ముందే తెలుగువాళ్లు దానికోసం వీధికెక్కారు. ఇవాళ ఏ రాష్ట్రంలో, ఏ పార్టీ ప్రభుత్వం మీద అనుమానం వచ్చినా మనం అడగాల్సింది ఒక్కటే: సభను పిలిచారా, లేదా? రేపు పడబోయేది మనకు నచ్చని ప్రభుత్వమైనా సరే, అదే అడగాలి.