పాత కారుకు పాత ఇంజనే సాక్ష్యం

పాత కార్ల ప్రదర్శనకు వెళ్ళినవాళ్ళ కళ్ళు మొదట రంగు మీద పడతాయి. తర్వాత ఇత్తడి దీపాలు, బూర హారన్, తోలు సీట్లు. బానెట్ ఎత్తి చూపించమని అడిగేవాళ్ళు తక్కువ. కానీ ఆ కారు ఏ కాలానిదో, ఎవరి చేతుల్లో ఎలా బతికిందో తేల్చి చెప్పే ఆధారం ఉండేది ఆ బానెట్ కిందే. రంగు మళ్ళీ వేయించవచ్చు, సీట్లు మళ్ళీ కుట్టించవచ్చు. ఇంజన్ బ్లాకు మీద ఫ్యాక్టరీలో కొట్టిన నంబరును, సిలిండర్ల లోపలి అరుగుదలను మాత్రం కొత్తగా పుట్టించలేం. అందుకే ప్రదర్శనలో నిలబెట్టే పాత కారు తన తొలి ఇంజన్‌తోనే రావాలి. అలా రాలేకపోతే ఇప్పుడున్న ఇంజన్ ఏదో, పాతది ఎందుకు పోయిందో పక్కనే పలక మీద రాసి పెట్టాలి. గోదావరి జిల్లాల మోటారు చరిత్రను తరచి చూస్తే ఈ రెండో షరతే మనకు ఎక్కువ అవసరమనిపిస్తుంది.

తెలుగు నేల మీద అందరికీ తెలిసిన పాత కారు హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లోని పసుపు రంగు రోల్స్ రాయిస్. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దాన్ని తెప్పించమన్నారు. 1911లో ఆయన కన్నుమూశాక, 1912 నాటి ఆ సిల్వర్ ఘోస్ట్ ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ కొలువుకు చేరింది. వెనక సీటు సింహాసనంలా ఎత్తుగా ఉంటుంది కాబట్టి చూపరులు అక్కడే ఆగిపోతారు. అయితే ఆ సింహాసనం రోల్స్ రాయిస్ చేతిపని కాదు. ఆ రోజుల్లో ఆ కంపెనీ చాసిస్‌నూ ఇంజన్‌నూ మాత్రమే చేసి ఇచ్చేది, పైన బాడీ కట్టేది వేరే కంపెనీలు. ఈ కారుకు బాడీ కట్టింది లండన్‌లోని బార్కర్ కంపెనీ. అంటే కారు పేరుకు అసలు హక్కుదారు కింద ఉన్న ఆరు సిలిండర్ల, 7,428 సీసీ ఇంజనే. దగ్గరికెళ్ళి చూస్తే ఆ తరహా ఇంజన్‌లో సిలిండర్లను మూడేసి చొప్పున రెండు దిమ్మలుగా పోతపోశారని తెలుస్తుంది. ఒక్కో సిలిండర్‌కు రెండేసి స్పార్క్ ప్లగ్గులు: ఒకదానికి నిప్పు మాగ్నెటో నుంచి, రెండోదానికి కాయిల్ నుంచి. ఒకటి మొరాయించినా రెండోది బండిని ఇంటికి చేరుస్తుంది. వందేళ్ళ కిందటి ఇంజనీరు దేనికి భయపడ్డాడో, ఆ భయానికి ఏ విరుగుడు కనిపెట్టాడో ఆ ప్లగ్గుల జత చెబుతుంది. ఈ కారు మొత్తం 356 మైళ్ళే తిరిగిందని అంటారు. ఆ లెక్క నిజమో కాదో రంగు చెప్పలేదు, సిలిండర్ గోడలు చెప్పగలవు.

రాజుల కారు సంగతి వదిలి మన వీధి కారుకు వస్తే ఈ వాదన ఇంకా గట్టిపడుతుంది. 1950ల చివర వచ్చిన అంబాసిడర్, 2014లో తయారీ ఆగిపోయేదాకా ఇంచుమించు ఒకే రూపంతో తిరిగింది. ముందు గ్రిల్లు, లైట్ల చుట్టూ కొద్దిపాటి తేడాలు తప్ప తాత అంబాసిడర్‌నూ మనవడి అంబాసిడర్‌నూ పక్కపక్కన పెడితే తెలియనివాడు పోల్చుకోలేడు. లోపల మాత్రం కాలం మారుతూ వచ్చింది. బ్రిటిష్ వంశపు 1,489 సీసీ పెట్రోలు ఇంజన్ చాలాకాలం నడిచింది, 1980 ప్రాంతంలో డీజిల్ వచ్చింది, 1990ల మొదట్లో జపాన్ ఇసుజు 1,800 సీసీ ఇంజన్ వచ్చింది. లైసెన్సుల కాలం, పెట్రోలు మంట, తలుపులు తెరిచిన ఆర్థిక విధానం, ఈ మూడు ఘట్టాలూ ఒకే రేకు డొప్ప కింద ఒకదాని తర్వాత ఒకటిగా కూర్చున్నాయి. పాత అంబాసిడర్‌లో ఇసుజు ఇంజన్ పెట్టి ‘1962 మోడల్’ అని బోర్డు తగిలిస్తే చూసేవాడికి ముప్ఫై ఏళ్ళ చరిత్ర తప్పుగా చెప్పినట్టే.

ఇక్కడే గోదావరి సీమ నుంచి ఒక బలమైన అభ్యంతరం వస్తుంది. ఇక్కడ ఇంజన్ మార్చడం మోజు కొద్దీ చేసిన పని కాదు, బతుకు తెరువు. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలు రేషన్ అయినప్పుడు మద్రాసు రాష్ట్రమంతటా బస్సుల వెనక బొగ్గు పొయ్యి బిగించి, ఆ గ్యాస్‌తో నడిపారు. ఇంజన్ పాతదే అయినా తిండి మారింది, సత్తువ తగ్గింది. స్వాతంత్ర్యం వచ్చాక ఇంకో దెబ్బ. బొంబాయిలో 1928 నుంచి కార్లు బిగిస్తున్న జనరల్ మోటార్స్, దాని పోటీదారు ఫోర్డ్, రెండూ 1950ల నడుమకల్లా మన దేశంలో బిగింపు మానేశాయి. అప్పటికే మన పల్లెల్లో, టౌన్లలో తిరుగుతున్న షెవర్లే, డాడ్జి, ఫోర్డ్ బళ్ళకు విడిభాగాలు కరువయ్యాయి. పిస్టన్ పోతే పిస్టన్ దొరకదు. మరో పక్క మద్రాసులో సింప్సన్ కంపెనీ పెర్కిన్స్ డీజిల్ ఇంజన్ల తయారీ చేపట్టింది. కొత్త బండి కొనలేనివాడు, పాత బండిని పారేయలేనివాడు చేసిన పనేమిటంటే అమెరికన్ పెట్రోలు ఇంజన్ దించి డీజిల్ ఎక్కించడం. 1973లో ప్రపంచమంతా చమురు ధర మండినప్పుడు ఈ అలవాటు మరింత ముదిరింది. రాజమండ్రి, కొవ్వూరుల మధ్య రోడ్డు వంతెన 1974లో గానీ రాలేదు. అందాకా అక్కడ గోదావరి దాటాలంటే బండిని పడవ మీదికి ఎక్కించాల్సిందే. అలాంటి చోట ఆగకుండా నడిచే ఇంజనే యజమానికి ముఖ్యం, అది పుట్టినప్పటిదా కాదా అన్నది కాదు. పట్టిసీమ రేవులోనూ ఇదే తీరు. శివరాత్రికి వీరభద్రస్వామి కొండకు జనాన్ని దాటించే పడవల్లో తెరచాప పోయి ఇంజన్ వచ్చింది. పడవ అదే ఉన్నా లోపలి ఇంజన్ అరిగినప్పుడల్లా మారక తప్పదు.

కాబట్టి ఇంజన్ మారిన బండి చరిత్ర లేనిదని నేను అనను. దానికి రెండు చరిత్రలున్నాయి, రెండూ చూపించాలి. దీన్ని నా ఇష్టం కొద్దీ చెప్పడం లేదు. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య 2012లో ఒప్పుకున్న ట్యూరిన్ చార్టర్ కూడా బండి తన వాడుక కాలంలో పొందిన మార్పులను దాని చరిత్రలో భాగంగానే చూస్తుంది. 1955లో బతకడానికి పెట్టించుకున్న పెర్కిన్స్ వేరు, నిన్న మొన్న ర్యాలీలో ఏసీతో నడపడానికి దొంగచాటుగా పెట్టించిన కొత్త జపాన్ ఇంజన్ వేరు. మొదటిది కాలం చేసిన గాయం, రెండోది సాక్ష్యాన్ని చెరపడం.

మన చట్టం ఈ తేడాను ఇంకా గుర్తించలేదు. 2021 జులైలో కేంద్రం తెచ్చిన మోటారు వాహనాల నిబంధనల ప్రకారం యాభై ఏళ్ళు దాటిన, చాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు జరగని బండికే వింటేజ్ గుర్తింపు. నంబరులో ‘వీఏ’ అక్షరాలుంటాయి, తొలి రిజిస్ట్రేషన్‌కు రూ.20,000 రుసుము, పదేళ్ళ గడువు, తర్వాత రూ.5,000. రోజువారీ తిరుగుడుకు వీల్లేదు. ప్రదర్శనకు, ర్యాలీకి, మరమ్మతుకు, ఇంధనానికి, పరిశోధనకు మాత్రమే రోడ్డెక్కాలి. నంబరు ప్లేటు గౌరవానికి ఆ షరతు సరైనదే, దాన్ని సడలించమని నేను కోరను. సడలిస్తే ప్రతి మెరుపు బండీ వింటేజే అవుతుంది. అయితే ప్రదర్శనలు నిర్వహించేవాళ్ళు చట్టం ఆగిన చోటే ఆగనక్కరలేదు. పనిచేసి బతికిన బళ్ళకు వేరే వరస పెట్టవచ్చు. డాడ్జి బాడీ, పెర్కిన్స్ ఇంజన్, మార్పు జరిగిన ఏడాది, చేసిన షెడ్డు వివరాలతో ఆ బండి తల ఎత్తుకుని నిలబడవచ్చు.

తొలి ఇంజన్ కోసం పట్టుబడితే కారు కదలని బొమ్మ అవుతుందనే వాదన ఒకటుంది. అది కూడా నిలవదు. సిలిండర్ బోరింగ్ చేయించడం, కొత్త రింగులు వేయడం, లేని భాగాన్ని లేత్ మీద చెక్కి చేయించడం ఇంజన్‌ను బతికించే మరమ్మతు. బ్లాకు అదే, నంబరు అదే. పోయిన దంతం కట్టించుకున్న మనిషి వేరే మనిషి కాడు. ఆ పని ఖరీదన్నది నిజం. అందుకే డబ్బు కూడేదాకా పాత ఇంజన్‌ను పాత ఇనుముకు అమ్మకుండా షెడ్డులో ఓ మూల ఉంచడం కనీసం చేయవలసిన పని. ఒకసారి కరిగించాక ఏ లేత్ మిషనూ దాన్ని తిరిగి తేలేదు.

ప్రభుత్వ యంత్రాల సంగతి వేరు. ధవళేశ్వరం కాటన్ మ్యూజియంలో గోదావరి ఆనకట్ట నాటి యంత్రాలను దాచి ఉంచారు. పట్టిసీమ ఎత్తిపోతలలో ఇరవై నాలుగు పంపులు గోదావరి నీటిని పోలవరం కుడి కాలువలోకి తోడి పోస్తున్నాయి. రేపు వాటి మోటార్లు మారినా, ఎప్పుడు ఎందుకు మారాయో రికార్డు ఉంటుంది, అది ప్రభుత్వ పని కాబట్టి. ఇళ్ళ పెరళ్ళలో, పాత షెడ్లలో టార్పాలిన్ కింద పడి ఉన్న బళ్ళకు ఆ రికార్డు రాసేది వాటి యజమానులే. రాజమండ్రి, కొవ్వూరు, తాళ్ళపూడి, పోలవరం వైపు ఏ ఇంట్లోనైనా అలాంటి బండి ఉంటే అమ్మే ముందు ఇంజన్ నంబరు రాసిపెట్టండి, ఆర్సీ బుక్కు పారేయకండి, ఇంజన్ మార్పించిన పెద్దవాళ్ళు ఉంటే ఎప్పుడు ఎందుకు మార్చారో అడిగి తెలుసుకోండి. కారు ప్రదర్శనకు వెళ్తే ఆ కాగితమూ దానితో వెళ్ళాలి.