చికాగో నగరము – విశ్వప్రదర్శనము

మిచిగన్ సరస్సు తీరమునందలి చికాగో నగరము 1871వ సంవత్సరమున ఘోరాగ్నికి ఆహుతియయ్యెను. సుమారు 300 మంది మృతినొందిరి. దాదాపు లక్షమంది నిలువనీడ లేనివారైరి. అయినను పౌరులు ధైర్యము వీడక నగరమును పునర్నిర్మించిరి. ఇరువదిరెండేండ్లకే, న్యూయార్కు మున్నగు నగరములతో పోటీపడి గెలిచి, కొలంబసు యాత్రకు 400 ఏండ్లు నిండిన స్మారకముగా విశ్వప్రదర్శనమును 1893 మే 1 నుండి అక్టోబరు 30 వఱకు జరిపిరి. డేనియల్ బర్న్‌హాము పర్యవేక్షణమున జాక్సన్ పార్కునందు ధవళసౌధములు వెలసెను. సందర్శనముల సంఖ్య 2 కోట్ల 70 లక్షలను మించెను. వివేకానందస్వామి ప్రసంగించిన సర్వమత మహాసభయు ఆ సందర్భముననే జరిగెను.

కాని నల్లజాతి పౌరులకు ఆ ప్రదర్శన నిర్వహణమున తగు స్థానము లభింపలేదు. ఫ్రెడరిక్ డగ్లసు, ఐడా వెల్సు మున్నగువారు చిన్న పుస్తకమును ప్రకటించి, సందర్శకులకు పంచి, ఆ యన్యాయమును లోకమునకు చాటిరి. సౌధములవలననే కాక, సర్వజనులకు నొసగు గౌరవమువలననే నగరము మహానగరమగునని మేము తలంచుచున్నాము.