వచ్చినవాడి బలం: సెల్వన్ లండన్ నవలకు కొయ్యూరు వైపు నుంచి ఒక పఠనం

1952 తొలి సార్వత్రిక ఎన్నికల్లో విశాఖపట్నం ద్విసభ్య నియోజకవర్గం నుంచి ఇద్దరు స్వతంత్రులు లోక్‌సభకు వెళ్ళారు. ఒకరు లంకా సుందరం. సముద్రాలు దాటిపోయిన భారతీయుల గురించి 1933లోనే ఇంగ్లీషులో గ్రంథం వెలువరించిన పండితుడు. రెండోవారు గాం మల్లుదొర. అల్లూరి సీతారామరాజు వెంట నడిచి, 1923లో పట్టుబడి, ఏళ్ళ తరబడి శిక్ష అనుభవించి వచ్చిన మన్యం మనిషి. ఊరు విడిచి పోయినవాళ్ళ చరిత్ర మొదటివారికి తెలుసు. ఊళ్ళోకి వచ్చిపడ్డవాళ్ళ చరిత్ర రెండోవారికి తెలుసు. ఈ రెండు చరిత్రల్నీ 'వలస సాహిత్యం' అన్న ఒకే పద్దు కింద రాసెయ్యడం మన విమర్శకు అలవాటు. ఆ అలవాటు ఎక్కడ మోసం చేస్తుందో శామ్ సెల్వన్ రాసిన 'ది లోన్లీ లండనర్స్' నవలను మన్యంలోని కొయ్యూరు వైపు నుంచి చదివితే కనిపిస్తుంది. ఈ వ్యాసం చెప్పదలచిందల్లా ఇంతే: వలస వచ్చినవాడు బలహీనుడా, బలవంతుడా అన్నది ముందు తేల్చుకోకుండా వలస నవలను అంచనా కట్టలేం.

సెల్వన్ 1923లో ట్రినిడాడ్ దీవిలోని శాన్ ఫెర్నాండోలో పుట్టాడు. తండ్రి వైపు వాళ్ళు మద్రాసు నుంచి వెళ్ళినవాళ్ళు. తల్లి వైపు స్కాటిష్ రక్తం కలిసింది. భారతీయ కూలీలతో మొదటి ఓడ ఫతేల్ రజాక్ ట్రినిడాడ్ చేరింది 1845 మే 30న. అది కలకత్తా నుంచి వెళ్ళిన ఓడ. మద్రాసు రేవు నుంచి వెళ్ళినవాళ్ళంతా అక్కడ 'మద్రాసీలు' అయిపోయారు. విశాఖపట్నం, గోదావరి జిల్లాలు కూడా ఆ ప్రెసిడెన్సీలోవే కాబట్టి తెలుగువాడు ఆ పేరు కింద విడిగా కనపడడు. యుద్ధకాలంలో సెల్వన్ నౌకాదళ రిజర్వులో వైర్‌లెస్ ఆపరేటర్‌గా పనిచేశాడు. తరవాత ట్రినిడాడ్ గార్డియన్ పత్రికలో చేరాడు. 1950లో లండన్ వెళ్ళాడు. అదే ఓడలో బార్బడోస్ నవలాకారుడు జార్జ్ లామింగ్ కూడా ఉన్నాడు. లండన్‌లో సెల్వన్‌కు దొరికింది భారత హైకమిషన్‌లో గుమస్తా ఉద్యోగం. పూర్వీకుల దేశం మూడో దేశంలో జీతమిచ్చింది.

మొదటి నవల 'ఎ బ్రైటర్ సన్' 1952లో వచ్చింది. ట్రినిడాడ్‌లోని భారతీయ రైతు కుర్రవాడు టైగర్, అతని భార్య ఊర్మిళల కథ అది. 'ది లోన్లీ లండనర్స్' 1956లో వచ్చింది. ఇందులో భారతీయులు దాదాపు లేరు. ఎక్కువగా నల్లజాతి కరీబియన్ కుర్రాళ్ళ గుంపు ఇది.

ఆ గుంపు లండన్ చేరిన నేపథ్యం తెలిసిందే. యుద్ధం ముగిసింది, కూలిపోయిన నగరానికి పనివాళ్ళు కావాలి. 1948 జూన్‌లో ఎంపైర్ విండ్‌రష్ ఓడ టిల్బరీ రేవుకు వచ్చింది. అదే ఏడాది వచ్చిన జాతీయతా చట్టం వలసరాజ్యాల ప్రజల్ని కూడా బ్రిటిష్ పౌరులుగానే గుర్తించింది. అంటే చట్టం దృష్టిలో వీళ్ళు పరాయివాళ్ళు కారు. గది అద్దెకిచ్చే ఇంటావిడ దృష్టిలో మాత్రం పరాయివాళ్ళే. సెల్వన్ నవలంతా ఆ రెండు చూపుల మధ్య ఇరుకులో నడుస్తుంది.

కథ అని చెప్పుకోడానికి పెద్దగా ఏమీ లేదు. చలికాలపు మంచు రాత్రి మోజెస్ అలొయెట్టా బస్సెక్కి వాటర్లూ స్టేషన్‌కు వెళ్తాడు. ట్రినిడాడ్ నుంచి వస్తున్న ముక్కూ మొహం తెలియని హెన్రీ ఆలివర్‌ను దింపుకోవాలి. హెన్రీ పల్చటి సూటుతో, సామానే లేకుండా రైలు దిగుతాడు. చలి లేదంటాడు. మోజెస్ అతనికి సర్ గెలహాడ్ అని పేరు పెడతాడు. ఇక ఒక్కొక్కరే: పని చెయ్యకుండా బతకడం తెలిసిన నైజీరియన్ కాప్, తెల్లవాడినని నమ్మించాలని చూసే బార్ట్, పెళ్ళాన్ని అనుమానించి కొట్టే లూయిస్, పెద్దమనిషి తరహా హారిస్. ఉపాధి కార్యాలయంలో వీళ్ళ కార్డుల మీద రంగు తెలిపే గుర్తు వేస్తారు. యజమానికి ముందే తెలియాలని. ఆకలికి తట్టుకోలేక గెలహాడ్ పార్కులో పావురాన్ని పడతాడు, కాప్ కిటికీ మీద వాలిన సముద్రపు పక్షుల్ని పడతాడు. ఆదివారాలు అందరూ మోజెస్ గదికి చేరతారు. పదేళ్ళు గడిచినా అతనికి లండన్‌లో ఆ గది తప్ప మిగిలింది లేదు.

రూపం గురించి ఒక్క విషయం చెప్పి ముందుకు పోతాను. సెల్వన్ మొదట దీన్ని మామూలు ఇంగ్లీషులో రాయబోయాడు, సాగలేదు. పాత్రలు మాట్లాడే ట్రినిడాడ్ మాటనే కథకుడికీ ఇచ్చాక కలం పరుగెత్తింది. సంభాషణల్లో మాండలికం పెట్టి, కథనానికి మాత్రం ఇస్త్రీ బట్టలు తొడిగే పద్ధతి మన దగ్గర ఇప్పటికీ ఉంది. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు 'పచ్చనాకు సాక్షిగా'లోనూ, ఖదీర్ బాబు 'దర్గామిట్ట కతలు'లోనూ ఆ తేడా చెరిపేశారు. చెప్పేవాడు వాళ్ళలో ఒకడైతేనే అది సాధ్యం.

ఇప్పుడు నవలలోని ఒక చిన్న ఘట్టం దగ్గర కాస్త ఆగాలి. కొయ్యూరు పాఠకుడు ఉలిక్కిపడే చోటు అదే.

జమైకా నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన కుటుంబంలో టాంటీ అనే పెద్దావిడ ఉంది. హారో రోడ్డు దగ్గర సరుకుల కొట్టుకు వెళ్తుంది. మా దేశంలో అరువు పెట్టుకుంటాం, శుక్రవారం జీతం రాగానే తీర్చేస్తాం అని కొట్టువాడితో వాదిస్తుంది. సరుకులు సంచీలో వేసుకుని, పుస్తకంలో రాసుకో అన్నట్టు నడిచిపోతుంది. కొట్టువాడు లొంగుతాడు. కొన్నాళ్ళకి ఆ పేట పేటంతా అరువు మీద నడుస్తుంది. విమర్శకులు దీన్ని హాస్యంగా, వలస మనిషి కొత్త ఊరిని తన ఊరుగా మార్చుకున్న విజయంగా చదివారు. ఆ చదువు సరైనదే. టాంటీ ఇంట్లో వారం వారం జీతం వస్తుంది. కొట్టువాడి పుస్తకానికి ఆవిడ చొక్కా మీద కూడా హక్కు లేదు.

మన్యంలో అరువు నడిచిన దారి వేరు. ఇక్కడ పుస్తకం రాసుకున్నవాడే వలస వచ్చినవాడు. ఉప్పు, బట్ట, ఎండుచేప మోసుకుని దిగువ నుంచి వచ్చిన వర్తకుడు చింతపండుకీ పసుపుకీ ముందే బయానా ఇచ్చేవాడు. పంట రాగానే తన ధరకే కొలుచుకునేవాడు. బాకీ మిగిలితే కాగితం రాయించుకునేవాడు. ఆ కాగితంతో కోర్టుకు పోయి పశువుల్నీ సామానునీ జప్తు చేయించడం 1879 రంప పితూరీకి, కల్లు పన్నుతో పాటు, ఒక ప్రధాన కారణం. టాంటీ అరువు పుస్తకంలో ముగిసింది, మన్యం అరువు భూమి దాకా వచ్చింది.

ప్రభుత్వానికి ఇది తెలియక కాదు. ఏజెన్సీ భూముల్ని కొండవాళ్ళ చేతుల్లోంచి ఇతరులకు పోనివ్వకుండా మద్రాసు ప్రభుత్వం 1917లోనే చట్టం చేసింది. ఐదేళ్ళు తిరక్కుండానే అదే ప్రభుత్వపు గూడెం తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం నుంచి పైకి వేసే రోడ్డుకు కొండవాళ్ళ చేత చాలీచాలని కూలికి చాకిరీ చేయించాడు. పోడు మీద అడవి శాఖ ఆంక్షలు ఉండనే ఉన్నాయి. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా పడ్డ దళంలో గాం సోదరులు ఉన్నారు. అణచడానికి మలబార్ పోలీసులూ, అస్సాం రైఫిల్స్ సిపాయిలూ వచ్చారు. 1924 మే 7న మంప దగ్గర పట్టుబడ్డ రామరాజును కొయ్యూరులో కాల్చి చంపారు. ఈ మొత్తంలో కొయ్యూరు ఎవరికి ఆశ్రయమిచ్చిందో, ఎవరు దాన్ని ఆక్రమించారో చూస్తే, వచ్చినవాళ్ళలో రామరాజూ ఉన్నాడు, బాస్టియనూ ఉన్నాడు. ఇద్దరూ కొండకు బయటివాళ్ళే. అందుకే 'బయటివాడు' అన్న మాట ఒక్కటే విమర్శకు సరిపోదు.

స్వాతంత్ర్యం తరవాత ఈ రెండు దేశాల చట్టాలు ఎదురెదురు దిశల్లో నడిచాయి. బ్రిటన్ 1962లో కామన్వెల్త్ వలసదారుల చట్టం తెచ్చి, ఉద్యోగ వోచర్లు పెట్టి, మోజెస్ లాంటివాళ్ళు రావడానికి తలుపు సగం మూసింది. బలహీనుడు రాకుండా బలవంతుడు వేసుకున్న గడియ అది. మన దగ్గర 1959 నాటి భూబదలాయింపు నిబంధనను 1970లో బిగించారు. జనం నోట అది 1/70. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందేనని చట్టం భావిస్తుంది. కాదని నిరూపించుకోవాల్సింది గిరిజనేతరుడే. సుప్రీంకోర్టు 1988లో దీన్ని సమర్థించింది. 1997 సమత తీర్పు ఇంకో అడుగు వేసి, ప్రభుత్వం కూడా అక్కడి భూముల్ని ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకివ్వరాదంది. ఇది బలవంతుడు రాకుండా బలహీనుడికి వేసిచ్చిన గడియ. పైపైన చూస్తే రెండూ 'వచ్చేవాణ్ణి ఆపే చట్టాలే'. 1/70ని వలసవ్యతిరేక చట్టంగా చిత్రించే వాదం అప్పుడప్పుడూ వినిపిస్తుంటుంది. సెల్వన్‌ను చదివి ఆ వాదానికి బలం తెచ్చుకోవాలనుకునేవాళ్ళకి ఆ నవల సహకరించదు. మోజెస్ ఎవరి భూమీ తీసుకోలేదు.

అలాగని వచ్చినవాడు ఎప్పటికీ బలహీనుడిగానే ఉంటాడని సెల్వన్ కూడా నమ్మలేదు. ఈ సంగతి 'ది లోన్లీ లండనర్స్' ఒక్కటే చదివేవాళ్ళకి అందదు. 1975లో ఆయన 'మోజెస్ అసెండింగ్' రాశాడు. అందులో అదే మోజెస్ షెపర్డ్స్ బుష్‌లో ఒక పాత ఇల్లు కొని యజమాని అవుతాడు. పై అంతస్తులో తను కాపురం పెట్టి, బాబ్ అనే తెల్ల కుర్రవాణ్ణి సేవకుడిగా పెట్టుకుంటాడు. కింద అద్దెకున్నవాళ్ళలో ఒకడు పాకిస్తానీల్ని దొంగతనంగా దేశంలోకి తెచ్చే వ్యాపారం నడుపుతాడు. యజమాని మోజెస్ ఆ కొత్తవాళ్ళ గురించి మాట్లాడే తీరు, ఒకప్పుడు ఇంటావిడలు తన గురించి మాట్లాడిన తీరుకు ఏం తీసిపోదు. చివరికి బాబ్ పై అంతస్తుకు చేరతాడు, మోజెస్ నేలమాళిగలోకి దిగుతాడు. సాహిత్య విలువలో ఈ నవల 'ది లోన్లీ లండనర్స్' ముందు ఆగదని నా అభిప్రాయం. భాష కావాలని వంకర్లు పోతుంది. అయినా వలస మనిషి చేతికి తాళంచెవి వస్తే ఏమవుతుందో చెప్పిన ధైర్యం ఆ పాత నవలలో లేదు.

సెల్వన్‌కు మరో లోటుంది. టాంటీని మినహాయిస్తే అతని లండన్‌లో ఆడవాళ్ళకి గొంతు లేదు. లూయిస్ చేత దెబ్బలు తిన్న ఆగ్నెస్ ఏమనుకుందో మనకు తెలియదు. ఆ ఖాళీ పూడటానికి నలభై ఎనిమిదేళ్ళు, ఒక రచయిత్రి కావలసివచ్చింది. విండ్‌రష్‌లో వచ్చిన తండ్రికి పుట్టిన ఆండ్రియా లెవీ 2004లో 'స్మాల్ ఐలాండ్'లో జమైకా ఆడపడుచు హోర్టెన్స్‌కీ, ఇంగ్లీషు ఇంటావిడ క్వీనీకీ కథ చెప్పే హక్కు ఇచ్చింది.

కాగితాల సంగతి కూడా ఇక్కడే. 2018లో బయటపడ్డ విండ్‌రష్ కుంభకోణంలో, దశాబ్దాలుగా పన్నులు కట్టిన ముసలివాళ్ళని ప్రతి ఏటికీ రుజువు చూపమని హోంశాఖ వేధించింది. వాళ్ళు దిగిన రోజు నింపిన కార్డుల్ని అదే శాఖ 2010లో నాశనం చేసింది. మన 2006 అటవీ హక్కుల చట్టం నియమాలు ఈ విషయంలో మెరుగు. పోడు భూమి మీద హక్కు కోరేవాడికి ఊరి పెద్దలు చెప్పి రాయించిన వాంగ్మూలం కూడా సాక్ష్యమే, గ్రామసభే మొదటి మెట్టు. కాగితంలేని మనిషికి నోటిమాటనే దస్తావేజుగా ఒప్పుకున్న చట్టం అది. అమలు జరిగే తీరు మీద వేరే వ్యాసం రాయాలి.

ఇక ఇప్పటి కొయ్యూరు. దారి ఇప్పుడు రెండువైపులా నడుస్తోంది. చదువుకీ పనికీ నర్సీపట్నం, విశాఖ, హైదరాబాదు దిగిపోయే కొండ కుర్రాళ్ళు గెలహాడ్ వారసులు: అద్దె గది అడిగితే ఏ ఊరని ఎదురుప్రశ్న, యాస వినగానే నవ్వు. గిరిజన ప్రాంతాల మీద వచ్చిన తెలుగు కథనం ఎక్కువభాగం కొండెక్కిన మనిషిది. మాస్టరు, అధికారి, కార్యకర్త పైకి వచ్చి చూసి రాసినది. అల్లం రాజయ్య, సాహు కలిసి రాసిన 'కొమురం భీం' అంత గొప్ప నవలైనా ఆ పక్కనే నిలబడుతుంది. మల్లిపురం జగదీశ్ 'శిలకోల' కథలతో లోపలి గొంతు వినపడింది. కొండ దిగిన మనిషి నగరాన్ని తన మాటతోనే చెప్పుకునే నవలకు ఆ దారి తెరిచి ఉంది.

విశ్వవిద్యాలయాల ఇంగ్లీషు, తెలుగు శాఖలకు ఒక మనవి. వలస సాహిత్యం పాఠ్యంగా పెట్టేటప్పుడు 'ది లోన్లీ లండనర్స్' పక్కన 'మోజెస్ అసెండింగ్'నూ, ఆ రెంటి పక్కన 1/70 నిబంధన పాఠాన్నీ పెట్టండి. పాడేరు, చింతపల్లి వైపు నుంచి వచ్చిన విద్యార్థి తరగతిలో ఉంటే, మొదటి పరిశోధన పత్రం అతని చేత రాయించండి.