కార్టిసాల్ – రుతువిరతి లక్షణాలు

కార్టిసాల్ అనేది మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథుల వెలుపలి పొరలో తయారయ్యే స్టిరాయిడ్ హార్మోన్. ఒత్తిడి ఎదురైనప్పుడు హైపోథాలమస్, పిట్యూటరీల ప్రేరణతో దీని స్రావం పెరుగుతుంది. మామూలు రోజుల్లో నిద్ర లేచిన 30-45 నిమిషాలకు గరిష్ఠానికి చేరి, అర్ధరాత్రి వేళకు బాగా తగ్గిపోతుంది.

వరుసగా 12 నెలలు నెలసరి రాకపోతే దాన్ని రుతువిరతిగా పరిగణిస్తారు. 1990లో అమెరికాలో మొదలైన సియాటిల్ మధ్యవయసు మహిళల ఆరోగ్య అధ్యయనంలో, రుతువిరతికి ముందరి సంధిదశ చివరి భాగంలో కొందరి మూత్రంలో కార్టిసాల్ పెరిగినట్టు తేలింది. వారిలో వేడి ఆవిర్లు కూడా తీవ్రంగా ఉన్నాయి. ఇది సంబంధాన్ని చూపుతుందే తప్ప కారణాన్ని కాదు. నిద్ర చెడినా కార్టిసాల్ లయ మారవచ్చు.

ఆవిరి వచ్చినప్పుడు ఛాతీ, మెడ, ముఖం వేడెక్కి చర్మం ఎర్రబడుతుంది, చెమట పడుతుంది, ఆ వెంటనే చలి వేయవచ్చు. సాధారణంగా ఇది కొద్ది నిమిషాల్లో తగ్గుతుంది. దీనికి మూలం ఒత్తిడి కన్నా ఈస్ట్రోజెన్ తగ్గుదలే: ఆ లోటు వల్ల హైపోథాలమస్‌లో న్యూరోకైనిన్-బి విడుదల చేసే నాడీకణాలు అతిగా చురుకెక్కి, ఉష్ణ నియంత్రణ కేంద్రాన్ని కదిలిస్తాయి. 2023 మేలో అమెరికాలో అనుమతి పొందిన ఫెజోలినెటాంట్ అనే మందు పనిచేసేది ఈ మార్గం మీదే, కార్టిసాల్ మీద కాదు.